అంద్రెయ పేరిటి పట్టణములో పాడుకోట

వాక్యభాగములు: యోహాను 18:1-11, రోమా 12:17-21



దూరదేశము పోయి వచ్చినవానిని మన పల్లెలలో ఎవరైనను మొదట అడుగునది, "అక్కడ ఏమేమి చూచితిరి?" అనియే. స్కాట్లండు దేశమునుండి తిరిగి వచ్చినది మొదలుకొని మేమును ఆ ప్రశ్నకు చాల పర్యాయములు జవాబు చెప్పితిమి. వేసవిలోను విడువని చలిని గూర్చియు, రాత్రి పది గంటలకును పూర్తిగా చీకటిపడని ఆకాశమును గూర్చియు, పూటపూటకు పెట్టు బంగాళాదుంపలను గూర్చియు చెప్పి వినువారిని నవ్వించితిమి. ఒక సంగతి మాత్రము ఎవరికిని చెప్పలేదు. అది నవ్వుచు చెప్పదగినది కాదు. ఇల్లు చేరి ఇన్ని నెలలైనను అది మమ్మును విడువలేదు గనుక, ఈ నెల పత్రికలో మీ ముందర పెట్టుచున్నాము.

ఆ దేశపు తూర్పు సముద్రతీరమున సెయింట్ ఆండ్రూస్ అను చిన్న పట్టణమున్నది. ఆ పేరునకు అర్థము పరిశుద్ధుడైన అంద్రెయ అని. సీమోను పేతురు తమ్ముడో అన్నయో వాక్యము చెప్పలేదు గాని, సహోదరుడని చెప్పుచున్నది. ఆ అపొస్తలుని ఎముకలు కొన్ని ఆ ఊరికి చేరినవని పూర్వకాలపువారు నమ్మి, దూరదూరములనుండి యాత్రలు చేసిరి. ఈ దినములలో లోకము ఆ ఊరిని ఎరుగునది గోల్ఫ్ ఆటనుబట్టి. రైలు ఆ ఊరికి పోదు. లూకర్స్ అను స్టేషనులో దిగి బస్సు ఎక్కవలెను. మేము ఎక్కిన బస్సులో సగముమంది గోల్ఫ్ కర్రల సంచులతో నుండిరి. పాడుకోట చూడబోవుచున్నామని చెప్పగా, మా ప్రక్కన కూర్చున్న పెద్దమనిషి మర్యాదగా తల ఊపి కిటికీలోనుండి బయటికి చూచెను.

కోట సముద్రపుటొడ్డున రాతిగట్టుమీద ఉన్నది. ఇంచుమించు 1200వ సంవత్సర ప్రాంతమున ఆ ఊరి బిషప్పు తన నివాసముగా దానిని మొదట కట్టించెను. ఇంగ్లండు వారితో జరిగిన యుద్ధములలో అది పలుమార్లు చేతులు మారి పడగొట్టబడెను. 1400 ప్రాంతమున మరియొక బిషప్పు తిరిగి కట్టించెను. కోట అనగానే రాజులు, రాణులు అని తలంతుము గదా. ఇది సంఘాధ్యక్షుల కోట. గొఱ్ఱెల కాపరికి కోటగోడలు, కందకము, ఫిరంగులు ఎందుకు కావలసివచ్చినవని అక్కడ నిలువబడిన విశ్వాసి యెవడైనను అడుగుకొనక మానడు.

టిక్కెట్టు కొని లోపలికి పోతిమి. ముందరి గోడయు ద్వారమును నిలిచియున్నవి. లోపల నున్నని పచ్చగడ్డి, అక్కడక్కడ మొండిగోడలు, నడుమ ఒక బావి. గోడ అవతల గట్టు క్రింద అలలు కొట్టుకొనుచుండెను. బడిపిల్లలు గడ్డిమీద పరుగెత్తుచుండిరి. కొందరు తమ ఫోనులతో పటములు తీసికొనుచుండిరి. మేమును ఒకటి తీయించుకొంటిమి. సంతోషముగానే నవ్వుచు నిలిచితిమి. ఆ పటము ఇప్పుడు మా బల్లమీద నున్నది. దానిలో మా వెనుక కనబడు బురుజు ఏదో అప్పటికి మాకు తెలియదు.

అది సముద్రపు బురుజు. దాని అడుగున ఒక చెర యున్నది. మన రైతులు జొన్నలు దాచు పాతరను ఎరిగినవారికి దానిని వర్ణింపనక్కరలేదు. పైన మనిషి పట్టునంత ఇరుకైన మెడ, లోనికి పోనుపోను వెడల్పు. పాతరను మన్నులో త్రవ్వుదురు, దీనిని గట్టి రాతిలో తొలిచిరి. లోతు 20 అడుగులకు పైమాటే. మెట్లు లేవు, కిటికీ లేదు. త్రాటితో దింపినవానిని త్రాటితోనే పైకి తీయవలెను. ఇప్పుడు దానిలో దీపమొకటి పెట్టి, పైన అడ్డు కట్టియున్నారు. మేము వంగి చూచితిమి. చల్లని గాలి ముఖమునకు తగిలెను. గొయ్యిలో బురదలో దిగబడిన యిర్మీయా ప్రవక్త జ్ఞాపకమునకు వచ్చెను (యిర్మీయా 38). అతనికి ఎబెద్మెలెకు అను కూషీయుడొకడు దొరికెను. చంకలలో త్రాళ్ళు ఒరయకుండునట్లు పాతగుడ్డలు పెట్టుకొమ్మని చెప్పి, నెమ్మదిగా పైకి లాగెను. ఈ పాతరలో పడినవారిలో చాలమందికి ఎబెద్మెలెకు దొరకలేదు.

సంఘ సంస్కరణ స్కాట్లండులో తల ఎత్తుచున్న దినములవి. జార్జి విషార్టు అను బోధకుడొకడు ఊరూర తిరిగి సువార్త ప్రకటించుచుండెను. 1545లో డండీ పట్టణములో తెగులు వ్యాపించినదని విని, అందరు ఆ ఊరినుండి పారిపోవుచుండగా, అతడు ఆ ఊరికి వెళ్ళెను. ఊరి తూర్పు ద్వారముమీద నిలువబడెను. ఆరోగ్యవంతులను ద్వారమునకు లోపల, రోగులను వెలుపల కూర్చుండజేసి, ఇరువురికిని ఒక్కమారే వినబడునట్లు 107వ కీర్తననుండి బోధించెను. ఆ మహాజాడ్యములో ప్రజల మధ్య తిరుగుచు బీదలకు కావలసినవి సమకూర్చెను.

ఒకనాడు ప్రసంగము ముగించి మెట్లు దిగుచుండగా క్రింద ఒక యాజకుడు నిలిచియుండెను. వాని చెయ్యి అంగీలోపల నుండెను. విషార్టు వాని కన్నులు చూచి, సంగతి గ్రహించి, చటుక్కున ఆ చెయ్యి పట్టుకొనగా చేతిలో బాకు బయటపడెను. జనము కేకలు వేసి మీదికి వచ్చిరి. రోగులు కూడ ద్వారమును త్రోసికొని, వానిని మాకు అప్పగింపుమని అరచిరి. అప్పుడు విషార్టు ఏమి చేసెను? తన్ను పొడువవచ్చినవానిని తన రెండు చేతులతో కౌగిలించి పట్టుకొని, వీనికి హాని చేయువాడు నాకు హాని చేయువాడేనని జనులతో చెప్పెను. వాడు ప్రాణములతో ఇంటికి పోయెను.

సహోదరులారా, ఇది కట్టుకథ కాదు. జాన్ నాక్సు అను సంస్కర్త తన చరిత్ర గ్రంథములో వ్రాసిన సంగతి. ఆ నాక్సు అప్పటికి పిల్లలకు చదువు చెప్పుకొను ఉపాధ్యాయుడు. విషార్టుకు ప్రాణభయమున్నదని తెలిసి, రెండు చేతులతో పట్టవలసిన పెద్ద కత్తి యొకటి మోయుచు అతని ముందర నడచుచుండెను. తుదకు విషార్టును బంధింపబోవు రాత్రి వచ్చెను. నాక్సు వెంట వత్తునని బ్రతిమాలెను. విషార్టు ఆ కత్తిని అతని చేతిలోనుండి తీయించివేసి, ఒక బలికి ఒక్కడు చాలును, నీవు నీ పిల్లలయొద్దకు పొమ్మని పంపివేసెను. గెత్సేమనే తోటలో ప్రభువు పేతురుతో చెప్పిన మాట (యోహాను 18:11) ఎరిగిన శిష్యుడు మాత్రమే అట్లు చేయగలడు.

కార్డినలు డేవిడ్ బీటన్ అను ఆర్చిబిషప్పు ఆ కోటలో నివసించుచుండెను. అతని ఆజ్ఞనుబట్టి 1546 మార్చి 1వ తేదీన కోటముందర విషార్టును కొయ్యకు కట్టి కాల్చిరి. ఎవరైన విడిపింపవత్తురేమోయని కోటమీది ఫిరంగులను ఆ స్థలమువైపు త్రిప్పియుంచిరి. తలారి మోకాళ్ళమీద పడి, అయ్యా నన్ను క్షమింపుము, ఈ మరణమునకు నేను కారకుడను కానని వేడుకొనగా, విషార్టు వాని చెంపను ముద్దుపెట్టుకొని క్షమించితినని చెప్పెను. ఇప్పుడు ఆ స్థలమున బాటలో రాళ్ళతో అతని పేరులోని మొదటి అక్షరములు రెండు పొదిగియున్నవి. ఆ ఊరిలోనే 1528లో కాల్చబడిన పాట్రిక్ హామిల్టన్ అను యౌవనస్థుని అక్షరములు వేరొకచోట నున్నవి. వాటిని త్రొక్కిన పరీక్ష తప్పుదుమని అక్కడి విశ్వవిద్యాలయపు విద్యార్థులు ప్రక్కకు తొలగి నడుతురు. హతసాక్షి జ్ఞాపకము ఏమేమగునో చూడుడి!

ఇంతవరకు వినుట మనకు సులభము. మనవాడు మంచివాడు, అవతలివాడు చెడ్డవాడు. ఈ కథ ఇక్కడ ఆగినయెడల ఈ నెల మాకు వ్రాయుటకు కష్టమే లేకపోవును. రోమను సంఘపు సహోదరులను దెప్పిపొడుచుటకు దీనిని వాడుకొనువారు ఇక్కడనే ఆపుదురు. మేము ఆపజాలము.

విషార్టు మరణించి మూడు నెలలైనను నిండలేదు. మే 29వ తేదీ తెల్లవారుజామున కోటలో కట్టుబడి పని జరుగుచుండెను. సున్నము, రాళ్ళు మోయు పనివారికొరకు ద్వారము తెరిచిరి. వారితోకూడ కొందరు లోపల ప్రవేశించిరి. వారందరు కలిసి 16 మంది. సంస్కరణ పక్షమువారు, విషార్టు బోధ వినినవారు. ద్వారపాలకుని కొట్టి కందకములో త్రోసిరి. పనివారిని వెలుపలికి తరిమిరి. బీటన్ తన గది తలుపునకు అడ్డములు పెట్టుకొనగా, తలుపు కాల్చుదుమని నిప్పు తెప్పించిరి. అతడు తెరిచి, నేను యాజకుడను, నన్ను చంపకుడని మొరపెట్టెను. వారిలో నొకడు కత్తి అతని రొమ్మునకు ఆనించి, మారుమనస్సు పొందుమనియు, విషార్టు రక్తమునకు ప్రతిదండన చేయుటకు దేవుడు మమ్మును పంపెననియు ప్రసంగము చేసి, ఆ మీదట పొడిచెను. తరువాత ఊరివారు చూచునట్లు శవమును కోటగోడకు వ్రేలాడదీసిరి.

ఆ 16 మందిలో నాయకుడైనవానికి బీటనుతో భూముల తగాదా యుండెను. ఇంగ్లండు రాజైన 8వ హెన్రీకి ఆ కార్డినలును తొలగించుకొనవలెనను కోరిక ముందునుండి యుండెను. భూముల తగాదా, రాజుల ఎత్తు, హతసాక్షి రక్తము, దేవుని నామము ఈ నాలుగును ఒక్క కత్తి పిడిమీద చేతులు వేసినవి. ఏ చేయి ఎవరిదో ఎవరు చెప్పగలరు? మన సంఘములలో పోట్లాట వచ్చినప్పుడు చూచితిమి గదా. పొలము గట్టుమీద మొదలైన మాట మందిరములోనికి వచ్చునప్పటికి సత్యముకొరకైన పోరాటమగును.

ఇంకొక్క మాట చెప్పి ఆ పాతరను విడిచెదము. ఎండకాలము వచ్చుచుండెను, శవము చెడిపోవునని ఉప్పులో పెట్టి, సీసముతో కప్పి, సముద్రపు బురుజు అడుగున ఉంచిరి. ఆ స్థలములోనే అంతకుముందు దేవుని బిడ్డలనేకులు బంధింపబడిరని నాక్సు వ్రాసెను. ఏ గోతిని చూచి మేము ఆ పక్షమువారి క్రూరత్వమునకు ఒడలు గగుర్పొడిచి నిలిచితిమో, ఆ గోతిలోనే మన పక్షమువారు తమ పగను దాచిపెట్టిరి. ఈ హత్యను నాక్సు నవ్వులాటగా వ్రాసెను. తాను నవ్వుచు వ్రాయుచున్నానని తానే చెప్పుకొనెను. సువార్త సేవలో ఆయన చెప్పు విప్పుటకైన మేము తగము. అయినను ఆ పుటలో మేము ఆయనతో కూడ నవ్వలేము. కత్తి చేతిలోనుండి తీయించుకొనిన రాత్రిని ఆయన అంత త్వరగా మరచెనే అని మా ప్రాణము నొచ్చుకొనెను.

హంతకులు కోటలోనే నిలిచిరి. రాణి పసిబిడ్డ గనుక రాజ్యభారము వహించిన అర్రన్ ప్రభువు కోటను ముట్టడించెను. గోడ క్రిందికి చేరి దానిని కూల్చవలెనని బయటివారు రాతిలో సొరంగము త్రవ్వ మొదలుపెట్టిరి. లోపలివారు ఆ చప్పుడు విని, వారికి ఎదురుగా తామును త్రవ్విరి. ఎటు త్రవ్వవలెనో తెలియక, చప్పుడునుబట్టి రెండు మూడు చోట్ల మొదలుపెట్టి, దారి తప్పి విడిచిరి. తుదకు ఒకటి పోయి బయటివారి సొరంగమునకు తగిలెను. ఆ సొరంగములు రెండును చాలకాలము మరుగుపడియుండి, 1879లో ఒక ఇంటికి పునాది త్రవ్వుచుండగా అనుకొనకుండ బయటపడినవి.

మేము దానిలో దిగితిమి. లోపలివారు త్రవ్వినది ఇరుకుగాను వంకరగాను ఉన్నది. నడుము వంచి, ఒకచోట ఇంచుమించు ప్రాకుచు పోతిమి. తల రెండుమార్లు రాతికి తగిలెను. రాయి తడిగా నుండెను. ఉలి దెబ్బలు ఇంకను కనబడుచున్నవి. చివరకు నిచ్చెన దిగగా బయటివారి సొరంగము వచ్చెను. అది విశాలముగా, మనిషి నిటారుగా నిలువగలిగినంత ఎత్తుగా నున్నది. ఇరుపక్షములవారు కలిసికొనిన స్థలము అదియే. ఇన్ని నెలలు రాత్రింబగళ్ళు ఒకరి గునపము చప్పుడు ఒకరు చెవియొగ్గి వినుచు, ఒకరికొకరు అంత దగ్గరకు చేరుటకు ఇంత రాయి తొలిచిరి. చేరినది కొట్టుకొనుటకు! రాజీకొరకు దానిలో పదవవంతు నడచియున్నయెడల ఎండలోనే నడచియుందురు.

సంఘములలో కోర్టు వ్యాజ్యములు నడుపువారు ఆ సొరంగమును చూడవలెను. మందిరపు తలుపునకు ఒక పక్షము ఒక తాళమును, రెండవ పక్షము మరియొక తాళమును వేసి, క్రిస్మసునాడు జనులను చెట్టుక్రింద కూర్చుండబెట్టిన ఊళ్ళు మనకు తెలియును. ఆ పక్షము ఎవరితో మాటలాడినది, ఏ వకీలును చూచినది, ఎంత సొమ్ము పోగుచేసినది అని చెవియొగ్గి వినుటకే ఆ పెద్దల దినములన్నియు సరిపోయినవి.

ఇతరులమాట ఎందుకు? ఆ చీకటిలో తలకు తగిలిన రాతిదెబ్బకంటె ఎక్కువగా మాకు తగిలినది మా స్వంత జ్ఞాపకము. దానిని ఇంతకాలము దాచితిమి.

చాల సంవత్సరముల క్రిందట, మేము క్రొత్తగా సేవలో ప్రవేశించిన దినములలో, ఒక పల్లెలోని మన ఉపదేశిని ఆ ఊరి రైతు ఒకని కుమారులు కొట్టిరి. మందిరము ప్రక్కనుండి పోవు కాలువ నీళ్ళ విషయమై మాట పెరిగెను. ఉపదేశి ఎవరిని ఒక్క మాట అనువాడు కాడు. అతని కుడిచెయ్యి విరిగెను. పది దినములలోపల ఒక రాత్రి ఆ రైతు గడ్డివామి కాలిపోయెను. మన కుఱ్ఱవాండ్రే కాల్చిరని మాకు తెలియును. మేము ఎవరికిని నిప్పు అందింపలేదు, ఎవరికిని చెప్పలేదు, ఆ రాత్రి ఆ ఊరిలోనే లేము. అయితే ఆ తరువాతి ఆదివారము ఆ మందిరములో మేము ఎంచుకొనిన వాక్యభాగము ఏది? కర్మెలు కొండమీద ఏలీయా ప్రార్థింపగా ఆకాశమునుండి దిగిన అగ్ని! వినువారు ఒకరినొకరు చూచుకొని నవ్విరి. మేమును లోలోపల నవ్వితిమి. ఆ దినమున మా కంఠము ఎంత బాగుగా పలికినదో ఇప్పటికిని చెవిలో నున్నది. యాకోబు యోహానులు సమరయుల పల్లెమీదికి అగ్ని పిలువవలెనని కోరినప్పుడు ప్రభువు వారివైపు తిరిగి గద్దించిన సంగతి (లూకా 9:54, 55) కూడ అదే బైబిలులో నున్నది. మేము ఆ పుట తెరువలేదు.

నాక్సు నవ్వెనని తప్పుపట్టితిమి గదా. మేము నవ్వినది చిన్న విషయమునకు కావచ్చును. కాని అదే నవ్వు.

మిగిలిన కథ త్వరగా చెప్పెదము. 1547లో ఈస్టరు దినములలో నాక్సు తన శిష్యులైన పిల్లలతో ఆ కోటలో ప్రవేశించెను. కోటలోని ప్రార్థనాలయములో వారికి యోహాను సువార్త చెప్పుచుండెను. అతని వరమును చూచి, అక్కడి బోధకుడు సంఘమంతటి యెదుట, నీవు వాక్యసేవ స్వీకరింపవలెనని పిలిచెను. నాక్సు కన్నీరు ఆపుకొనలేక లేచి తన గదికి పోయెను. ఇష్టముతో ఎక్కినది కాదు ఆ ప్రసంగ వేదిక. ఎక్కిన తరువాత లోపలివారి దుష్ప్రవర్తనను దాచలేదు. వారు తమ గోడల మందమునుగూర్చి అతిశయింపగా, అవి గ్రుడ్డు పెంకులవంటివని చెప్పెను. ఆ మాటకు మేము ఆయనకు నమస్కరించుచున్నాము. ఆ జూలై నెల ముగియునప్పటికి ఫ్రెంచి ఓడలు వచ్చినవి. ఎత్తయిన గోపురములమీదికి ఫిరంగులు ఎక్కించి కొట్టగా కోట లొంగిపోయెను. నాక్సును తెడ్లు వేయు ఓడలో బందీగా 19 నెలలు ఉంచిరి. ఆ ఓడ ఒకమారు ఆ తీరము ప్రక్కగా పోవుచుండగా, జబ్బుతో పడియుండి, సెయింట్ ఆండ్రూస్ గోపురమును గుర్తించి, అక్కడ తిరిగి బోధింపక చావనని చెప్పెను. 1559లో ఆలాగే బోధించెను. 1560లో ఆ దేశపు పార్లమెంటు సంస్కరణను అంగీకరించెను. ఆ 16 మంది కత్తులు దానిని ఒక దినమైనను ముందుకు తెచ్చినవని మాకు తోచలేదు. విషార్టు దేహము కాలిన పొగ దానిని తెచ్చెనని చెప్పినను మేము ఒప్పుకొందుము.

కోట ఏమాయెను? దానిని తిరిగి బాగుచేసిరి గాని బిషప్పుల కాలము తీరిన తరువాత దానితో ఎవరికిని పని లేకపోయెను. 1656లో పట్టణసభవారు రేవుకట్ట మరమ్మతుకు ఆ కోట రాళ్ళు వాడవలెనని తీర్మానించిరి. 1801లో పెద్ద విందుశాల గట్టుతోకూడ సముద్రములో పడిపోయెను.

సాయంకాలము ఆ రేవుకట్టమీదికి నడచితిమి. పొడవుగా సముద్రములోనికి పోవు రాతికట్ట అది. ఏ రాయి కోటనుండి వచ్చినదో గుర్తుపట్టలేము. అన్నింటిమీదను నాచు సమానముగా పట్టియున్నది. రేవులో చిన్న పడవలు, పీతలు పట్టు బుట్టలు ఉన్నవి. ఒక పడవవాడు తాడు చుట్టుచుండెను. అప్పుడు మాకు అంద్రెయ జ్ఞాపకమువచ్చెను. ఆయన కూడ పడవవాడే గదా. ఊరికి ఆయన పేరు పెట్టి ఇంత కథ నడిపిరి గాని, ఆయన ఏమి చేసెనో ఎవరైన చూచిరా? సహోదరుని యేసునొద్దకు తోడుకొనివచ్చెను (యోహాను 1:42). అయిదు రొట్టెల చిన్నవానిని చూపించెను (యోహాను 6:8, 9). ప్రభువును చూడగోరిన గ్రీసుదేశస్థుల సంగతి ఫిలిప్పుతోకూడ ఆయనకు చెప్పెను (యోహాను 12:22). సువార్తలలో ఆయన పేరు వచ్చు చోటులు కొన్నియే. ఈ మూడు చోటులలోను ఆయన చేయిపట్టుకొని ఎవరో ఒకరు ప్రభువునొద్దకు నడచుచుందురు. కత్తి దూసినది ఆయన సహోదరుడు. ఆ కత్తికి తెగిన మల్కు చెవిని ప్రభువు ముట్టి స్వస్థపరచెను (లూకా 22:51). తన్ను పట్టుకొనవచ్చినవాని చెవి అది! ఆయన బంధింపబడకమునుపు చేసిన కడపటి స్వస్థత అదియే. మన పక్షమువాడు చేసిన గాయమును మానుపుటకు ఆయన ఆ చేయి చాచెను.

ఆ కట్టమీద చీకటిపడువరకు కూర్చుంటిమి. చీకటి ఆలస్యముగా పడు దేశమని చెప్పితిమి గదా.

తిరిగి వచ్చిన రెండవ నెలలో మేము ఆ పల్లెకు వెళ్ళితిమి. సంఘమునకు తెలియజేయలేదు. ఆ రైతు మన సంఘమునకు వెలుపలివాడు. ఇప్పుడు చాల వృద్ధుడు. అరుగుమీద నులకమంచముపై కూర్చుండియుండెను. కన్ను సరిగా ఆనదు. పేరు చెప్పగా గుర్తుపట్టి, "ఓహో, మీరా అయ్యగారూ, కూర్చోండి" అనెను. కుశలప్రశ్నలైన తరువాత మేము వచ్చిన పని చెప్పితిమి. గడ్డివామి కాల్చినది ఎవరో ఆనాడే మాకు తెలియుననియు, గద్దింపవలసినవారము గద్దింపక సంతోషించితిమనియు, వేదికమీదనుండి ఆ అగ్నిని పొగడితిమనియు, క్షమింపవలెననియు చెప్పితిమి. చెప్పుటకు ముందుగా ప్రయాణమంతయు కూర్చుకొనిన మాటలు నోటికి రాలేదు. ఏదో తడబడి చెప్పితిమి.

ఆయన చాలసేపు మాటలాడలేదు. తరువాత, "అయిదు బండ్ల గడ్డి అయ్యగారూ. ఆ యేడు వేసంగిలో మేత లేక కాడెడ్లను అమ్ముకొన్నాను" అనెను. కోపముగా అనలేదు, లెక్క చెప్పినట్లు అనెను. ఎద్దులమాట మేము ఎన్నడును వినియుండలేదు. అడిగియుండలేదు.

మరికొంతసేపైన తరువాత, "మీ ఉపదేశిగారి చెయ్యి మళ్ళీ బాగైందా?" అని అడిగెను.

చెయ్యి కొంచెము వంకరగానే కుదిరెననియు, ఆయన ప్రభువునందు నిద్రించి తొమ్మిది సంవత్సరములైనదనియు చెప్పితిమి. వృద్ధుడు పైపంచెతో ముఖము తుడుచుకొనెను. "మావాళ్ళు చేసింది కూడా తప్పే" అని మెల్లగా అని, ఇంటిలోనికి తిరిగి, అయ్యగారికి మజ్జిగ తెమ్మని కోడలిని కేకవేసెను.